లేత నీలము

ఒక విద్యార్థి తన ఆంగ్ల వ్యాసములో లేతనీలి చీరను 'టెండర్ బ్లూ శారీ' అని చదివెను. తరగతి నవ్వెను. వాడు మరల నోరు విప్పలేదు.

అది తప్పే, నవ్వదగిన తప్పు కాదు. తెలుగున రంగునకును వయస్సు కలదు. బెండకాయవలెనే నీలమును లేతది కావచ్చును, ముదురుది కావచ్చును. ఆంగ్లమున రంగు వెలుగుచీకట్ల లెక్కలోనిది. కావున నీలమునకు 'లైట్', 'డార్క్' అనియు, లేత బెండకాయకు 'టెండర్' అనియు వేర్వేరు మాటలు.

తెలుగు నేర్చుకొను ఆంగ్లేయునకును ఇట్టి చిక్కే. వాని 'ఓల్డ్' చొక్కాకును తాతకును ఒక్కటే గనుక, ముసలివానిని 'పాత మనిషి' అనును.

విశేషణమును ఒంటిగా వల్లింపక విశేష్యముతో జంటగా నేర్వవలెను. దిద్దునప్పుడు తప్పు వెనుకనున్న తెలుగును గూడ చూపినచో, పిల్లవాడు మరల పలుకుటకు జంకడు.