కంప్యూటరును స్తంభింపజేయు మూట

కంప్యూటరులోని లెక్కలను దొంగిలింపకయే దానిని మూలబడవేయు లోపమొకటి విండోస్ 95 మున్నగు వ్యవస్థలలో 1996వ సంవత్సరమున బయల్పడెను. దీనిని ‘పింగ్ ఆఫ్ డెత్’ అందురు.

ఒక యంత్రము మరియొకదానిని ‘ఉన్నావా?’ యని పలుకరించుటయే పింగ్. ఇంటర్నెట్టుపై నడచు ఇట్టి సమాచారపు మూట 65,535 బైట్లు మించరాదు. పెద్దమూట తునుకలుగా వచ్చును. అందుకొన్న యంత్రము వానిని కూర్చుకొనును. తునుకలు విడివిడిగా నిరపాయములే. కడపటి తునుకతో హద్దు మీరినచో, గాదె కొలత చూడక ధాన్యము పోసినట్లు, పొర్లినది ప్రక్కనున్న జ్ఞాపకస్థానమును చెరచును, యంత్రము నిలిచిపోవును. చిత్రమేమనగా, ఇట్టి మూటను పంపుటకు విండోస్ 95లోని పింగ్ ఆజ్ఞయే చాలెడిది!

కూర్చుటకు ముందు కొలుచునట్టి దిద్దుబాటును తయారీదారులు పిమ్మట నిచ్చిరి. విండోస్ 95కు 2001వ సంవత్సరాంతముతో దిద్దుబాట్లన్నియు ఆగిపోయెను. అప్పులు పంచునాడు యంత్రము నిలిచినచో రైతు వట్టిచేతులతో మరలవలసివచ్చును. కావున దిద్దుబాట్లు నిలిచిన పాతయంత్రము సంఘమున నున్నచో, దాని ఇంటర్నెట్టు తీగను విప్పి, ఖాతాల నకలును కాగితముపై నుంచుకొనుడు.