రోగి నోటి మాట

వైద్య విద్యార్థి ఆస్పత్రిలో అడుగు పెట్టగానే మెడలో స్టెతస్కోపు వేసికొనుటకు ఉత్సాహపడును. అది సహజమే. కాని 1816లో ఫ్రెంచి వైద్యుడు లెన్నెక్ ఆ పరికరమును కనిపెట్టుటకు ఎంతో పూర్వమే వైద్యునికి మరియొక సాధనము ఉండెను. అది రోగి చెప్పు మాట. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు, స్కానింగులు ఇంతగా వృద్ధిపొందిన తరువాత ఆ మాటకు విలువ తగ్గినదా?

ఇంగ్లండులో హాంప్టన్ అను వైద్యుడు, ఆయన సహచరులు ఔట్‌పేషెంటు విభాగమునకు కొత్తగా వచ్చిన 80 మంది రోగులను పరిశీలించి 1975లో ఫలితములు ప్రకటించిరి. రోగిని పంపిన డాక్టరు ఉత్తరము చదివి, రోగి చెప్పినది విన్న పిమ్మట ఏర్పడిన రోగనిర్ణయమే 66 మంది విషయమున చివరి వరకు నిలిచినది. దేహపరీక్ష వలన 7గురి విషయమున, ప్రయోగశాల పరీక్షల వలన మరి 7గురి విషయమున మాత్రమే అభిప్రాయము మారినది.

ఇంత విలువగల మాటను వైద్యులు పూర్తిగా వినుచున్నారా? అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనువారు 74 సంభాషణలను పరిశీలించి 1984లో ప్రకటించిన లెక్క వైద్యులకు గౌరవప్రదముగా లేదు. రోగి మొదలుపెట్టిన సగటున 18 సెకండ్లకే వైద్యుడు అడ్డుతగిలెను. అడ్డుపడకున్నచో రోగి చెప్పుచునే ఉండునని వైద్యుల భయము. స్విట్జర్లండులోని బాసెల్ ఆస్పత్రిలో ఈ భయమును పరీక్షకు పెట్టి, 2002లో వివరములు వెల్లడించిరి. ఆపకుండ విన్నచో 335 మంది రోగులు సగటున 92 సెకండ్లు మాత్రమే మాటాడిరి. 5 నిమిషములు మించినవారు ఏడుగురే. వారు చెప్పినది కూడ అవసరమైనదేయని విన్న వైద్యులే ఒప్పుకొనిరి.

తెలుగు ప్రాంతములలో ఇంకొక చిక్కు కలదు. విద్యార్థి ఇంగ్లీషులో చదువును, రోగి తెలుగులో చెప్పును. పోటు, సలుపు, మంట, తీపు ఇవన్నియు ఒకటి కావు. చీము పట్టిన వ్రేలు సలుపును. ఆమ్లము పైకెగసినపుడు రొమ్ము మండును. అన్నిటికి 'నొప్పి' అని ఒకే మాట వ్రాసికొన్న విద్యార్థి, రోగి చేతికిచ్చిన ఆధారమును పారవేసినవాడగును. తెలంగాణ పల్లెలో "పానం మంచిగ లేదు" అందురు. "వేడి చేసింది" అను మాటకు ఒకరికి నోటిపూత అర్థము, మరియొకరికి మూత్రములో మంట. ఇట్టి మాట వినబడినపుడు నవ్వి ఊరకొనరాదు. "వేడి చేస్తే మీకు ఏమవుతుందమ్మా?" అని అడుగవలెను.

అన్నిటికంటె ప్రమాదకరమైనది "గ్యాస్ పట్టింది" అను మాట. అరువది యేండ్ల స్త్రీ వచ్చి రాత్రినుండి గ్యాస్ అనినదనుకొందము. ఒక మాత్ర వ్రాసి పంపుట సులభము. "ఎక్కడ పట్టిందమ్మా? ఎప్పుడు మొదలైంది? అప్పుడేం చేస్తున్నారు?" అని అడిగి ఊరకుండినచో, మెట్లెక్కునపుడు గుండెలమీద బరువు పెట్టినట్లయినదని, చెమటలు పోసినవని, దవడ లాగినదని ఆమెయే చెప్పవచ్చును. గుండెకు రక్తమునందించు ధమని మూసికొనుచున్నదేమో యని అనుమానించి తక్షణము ఇ.సి.జి. తీయవలసిన లక్షణములివి. రక్తము అందని గుండెకండరము కొలది గంటలలో చచ్చిపోవును, తిరిగి పెరుగదు. మధుమేహము గలవారిలో నొప్పియే లేక ఆయాసము, చెమట మాత్రమే ఉండుటయు కలదు.

ఈ విద్య కేవలము పుస్తకముతో రాదు. 1963లో లాస్ ఏంజెలెస్‌లో హోవార్డ్ బారోస్ అను నాడీవైద్యుడు ఆరోగ్యవంతురాలికి రోగి పాత్ర నేర్పి, విద్యార్థులచే ప్రశ్నలు వేయించెను. ఇది నాటకమని ఎగతాళి చేసినవారు ఆనాడు లేకపోలేదు. నేడు అనేక దేశముల వైద్యపరీక్షలలో ఈ పద్ధతి ఉన్నది. మన దేశమున 2019లో చేరిన ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు మొదలుకొని వైఖరి, నీతి, సంభాషణ అను పాఠ్యభాగము ప్రవేశపెట్టబడినది.

వైద్యుడు చెప్పినది రోగికి అందినదా యని చూచుట మిగిలిన సగము పని. "అర్థమైందా?" అనినచో ఎవరైనను మర్యాదకు తల ఊపుదురు. "ఇంటికి వెళ్ళాక ఈ మాత్ర ఎలా వేసుకుంటారో ఒకసారి చెప్పండి" అని అడిగినచో నిజము తెలియును. థైరాయిడ్ మాత్రను పరగడుపున వేసికొమ్మనిన, కాఫీ త్రాగి వేసికొనువారున్నారు. వారి లెక్కలో కాఫీ తిండి కాదు. కాని కాఫీతోబాటు ఆ మాత్ర సరిగా ఒంటబట్టదు.