హెలికాప్టర్ పక్కకి జారిపోతోందా? డబ్బా మార్చే ముందు ఇది చదవండి

మన ఎన్నూరు పిల్లలు ఇప్పుడు గాలిపటంతో ఆగడం లేదు. రిమోట్ హెలికాప్టర్ కావాలంటున్నారు. కొందరు కూలి డబ్బులు కూడబెట్టి పాతది కొనుక్కుని, వాళ్లే బాగు చేసుకుంటున్నారు. ఆటబొమ్మ అని తీసిపారెయ్యకండి అమ్మలారా, అయ్యలారా. క్రోంపేటలో కలాం గారు చదువుకున్న ఎంఐటీ కాలేజీ ఉంది కదా, అక్కడి పిల్లల ‘దక్ష’ జట్టు డ్రోన్లు తయారు చేసి పేరు తెచ్చుకుంది. 2018లో ఆ జట్టుకి సలహాదారుగా ఉన్నది సినిమా నటుడు అజిత్ కుమార్. ఆయనకి రిమోట్ హెలికాప్టర్లంటే ముందునుంచీ మోజు. ఈ పని చేతికొస్తే రేపు కూడు పెట్టొచ్చు.

పిల్లలు చెప్పే కంప్లయింటు మాత్రం ఒక్కటే: “పైకి లేస్తుంది తాతా, ఒక చోట నిలవదు. పక్కకి జారిపోతుంది.” షాపుకి తీసుకుపోతే స్టెబిలైజర్ పోయింది, కొత్తది వెయ్యాలంటారు. అది వేల రూపాయల మాట. చాలాసార్లు ఆ డబ్బా బాగానే ఉంటుంది. అది ఏం చేస్తుందో, ఏం చెయ్యలేదో తెలిస్తే డబ్బు మిగులుతుంది.

ఆ డబ్బాలో ముఖ్యంగా రెండు ఉంటాయి. గైరో అనేది హెలికాప్టర్ ఎటు, ఎంత జోరుగా తిరుగుతుందో పసిగడుతుంది. యాక్సిలరోమీటర్ అనేది భూమి ఏ వైపుందో, మనం ఒరిగామా నిటారుగా ఉన్నామా చెబుతుంది. రెండిటికీ నేల కనబడదు. గుమ్మిడిపూండి లోకల్లో కళ్లు మూసుకుని కూర్చోండి. బండి కుదుపు లేకుండా ఒకే జోరుతో పోతుంటే, పోతుందో ఆగిందో చెప్పలేం. డబ్బా సంగతీ అంతే. ఒరిగితే నిలబెడుతుంది, మెల్లగా జారిపోతే దానికి తెలియదు. ఒకే చోట కట్టేసినట్టు నిలవాలంటే జీపీఎస్సో, కిందకి చూసే కెమెరానో ఉండాలి.

ఇంకో సంగతి. పెద్ద రెక్క ఒక వైపు తిరిగితే బాడీ రెండో వైపు తిరగబోతుంది. దాన్ని ఆపడానికే తోక దగ్గర చిన్న రెక్క. 1939లో సికోర్‌స్కీ అమెరికాలో ఎగరేసిన హెలికాప్టర్‌కీ ఇదే ఏర్పాటు. ఆ తోక రెక్క గాలిని తోసినప్పుడు మొత్తం హెలికాప్టర్ కూడా కొంచెం పక్కకి పోతుంది. రిమోట్ హెలికాప్టర్లలో పెద్ద రెక్క ఎక్కువగా పైనుంచి చూస్తే గడియారం ముల్లులాగా తిరుగుతుంది. అలాంటిది ఎడమకి జారుతుంది. దాన్ని నిలబెట్టాలంటే పిసరంత కుడికి ఒరిగి ఉండాలి. కాబట్టి గాల్లో కొంచెం వంకరగా నిలబడితే అది రోగం కాదు. రసమట్టం పెట్టినట్టు నిటారుగా ఉంచితేనే జారుతుంది!

ఇక రిపేరు. మిల్లులో ఫిట్టర్లు పాటించే పద్ధతే ఇక్కడా: ఒకసారికి ఒక్కటే మార్చు, చూడు, తరవాత ఇంకోటి.

మొదట గాలి. మన దగ్గర మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి ఊరి వైపు కొడుతుంది. పొద్దున్నే గాలి పడిపోయి ఉన్నప్పుడు ఎగరెయ్యండి. మనిషెత్తులో నిలిపి ముక్కు సముద్రం వైపు పెట్టండి, తరవాత ఊరి వైపు తిప్పండి. ఎటు తిప్పినా ఊరి వైపే పోతుంటే అది గాలి పని. ముక్కుకి ఎప్పుడూ ఎడమకో ఎప్పుడూ ముందుకో పోతుంటే తప్పు హెలికాప్టర్లో ఉంది. నేలకి మరీ దగ్గరగా చూడొద్దు, రెక్కల గాలే కింద తగిలి తిరిగొచ్చి తోస్తుంది.

రెండోది తూకం. పెద్ద రెక్క నడిమి దగ్గర రెండు వైపులా వేళ్లతో ఎత్తండి. ముక్కు వాలితే బ్యాటరీ వెనక్కి, తోక వాలితే ముందుకి జరపండి.

మూడోది అదురు. స్పిండిల్ వంగితే దారం ఎలా తెగుతుందో మనకి తెలుసు. ఇక్కడ ఇరుసు వంగినా, రెక్కలు సమతూకం లేకపోయినా బాడీ అదిరి యాక్సిలరోమీటర్ లెక్క తప్పుతుంది.

నాలుగోది స్విచ్ వేసే తీరు. చేత్తో పట్టుకుని బ్యాటరీ కలపొద్దు. నేల మీద కదలకుండా పెట్టి, లైటు చెప్పేవరకు ముట్టుకోవద్దు. ఆ నిమిషంలోనే గైరో “కదలకపోవడం అంటే ఇది” అని గుర్తు పెట్టుకుంటుంది. అప్పుడు కదిపితే తప్పు పాఠం నేర్చుకుంటుంది.

ఐదోది స్వాష్ ప్లేట్. మోటారు తీగలు పీకేసి, స్టిక్కు నడిమిలో ఉంచి, ప్లేటు సమంగా ఉందా చూడండి. లేకపోతే సర్వో దగ్గర కడ్డీల పొడవు సరిచెయ్యండి. చాలా స్టెబిలైజర్లకి రిమోట్‌లో ట్రిమ్ నొక్కకూడదు. ట్రిమ్‌ని అది మనం ఇచ్చే ఆర్డరు అనుకుంటుంది.

ఇన్ని చేశాక కూడా జారితే, అప్పుడు డబ్బాలోని లెవెల్ సెట్టింగు ముట్టుకోండి. ఎడమకి జారితే కుడికి పిసరంత. దింపి మార్చి, మళ్లీ ఎగరేసి చూడండి. రెండు మూడు సార్లలో దారికొస్తుంది. ఆ మిగిలే కాస్త జారుడు చేతి స్టిక్కుతో ఆపడమే. అది నేర్చుకోవడమే విద్య.

పెద్దవాళ్లకి ఒక మాట. మోచేతి పొడవు రెక్కలు నిమిషానికి 2000 చుట్లకి పైగా తిరుగుతాయి. వేలు తగిలితే వేలు ఉండదు. కంటికి అద్దాలు పెట్టించండి, చిన్నపిల్లల్ని దూరంగా ఉంచండి. వీధిలో, మిద్దె మీద వద్దు. మన చుట్టూ పోర్టు, కరెంటు స్టేషన్లు ఉన్నాయి. 2021 డ్రోన్ రూల్సు ప్రకారం ఎరుపు జోన్లో పర్మిషన్ లేకుండా ఎగరెయ్యకూడదు. ఎక్కడ ఎగరెయ్యొచ్చో ప్రభుత్వం డిజిటల్ స్కై మ్యాపులో రంగులు వేసి పెట్టింది. ఎగరేసే ముందు పిల్లాడి ఫోన్లో మీరూ ఒకసారి చూడండి.