ఫ్యాక్టరీ సిస్టర్లకు వృత్తి సంఘాల అండ

కార్మికుడి జబ్బుకూ, అతడు చేసే పనికీ ఉన్న సంబంధాన్ని ముందుగా పసిగట్టడం వృత్తి ఆరోగ్య నర్సు ప్రధాన బాధ్యత. హైదరాబాద్‌లోని ఏ.ఎస్. రావు నగర్ ప్రాంతంలో ఈ బాధ్యత చాలా విస్తృతమైనది. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్) వ్యవస్థాపకులు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు పేరు పెట్టుకున్న ఈ కాలనీకి దగ్గరలోనే 1967లో ఏర్పడిన ఆ సంస్థ, 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, చర్లపల్లి, మల్లాపూర్, నాచారం పారిశ్రామికవాడలు ఉన్నాయి. సోల్డరింగ్ పొగ, రసాయనాల ఆవిరి, యంత్రాల రొద, రేడియేషన్ ఇలా పనిని బట్టి ప్రమాదం మారుతుంది.

ఐదు వందల మందికి పైగా పనిచేసే ఫ్యాక్టరీలో ఆంబులెన్స్ గది, అందులో వైద్య, నర్సింగ్ సిబ్బంది ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. ఆంబులెన్స్ గది నిబంధన 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ ఉంది. తెగిన వేలికి కట్టు కట్టడం ఆ గదిలో జరిగే పనుల్లో ఒకటి మాత్రమే. వినికిడి, ఊపిరితిత్తుల సామర్థ్యం, రక్తంలో సీసం మోతాదు వంటి పరీక్షల ఫలితాలను ఏటేటా పోల్చి చూడాలి. ఒకే విభాగంలో పనిచేసేవారి వినికిడి వరుసగా తగ్గుతుంటే, మొదట చూడవలసింది అక్కడి యంత్రాల చప్పుడు.

ఇంత పనిని తరచూ షిఫ్టుకు ఒక్క సిస్టరే చూసుకోవాలి. ఆస్పత్రిలోలాగా సందేహం వస్తే అడగడానికి పక్క వార్డులో సీనియర్ ఉండరు. పైగా జీతమిచ్చేది యాజమాన్యం, నమ్మి రహస్యం చెప్పుకునేది కార్మికుడు. పనికి తగిన ఆరోగ్యం ఉందో లేదో యాజమాన్యానికి చెబుతూనే జబ్బు వివరాలను గోప్యంగా ఉంచడం కత్తిమీద సాము. ఈ ఒంటరితనమే వృత్తి సంఘాల పుట్టుకకు కారణం.

1878లో ఇంగ్లండులోని నార్విచ్‌లో కోల్మన్ ఆవాల పొడి కంపెనీ ఫిలిప్పా ఫ్లవర్‌డేను నర్సుగా నియమించింది. అమెరికాలో 1895లో వెర్మాంట్ పాలరాతి కంపెనీలో అడా మేయో స్టీవర్ట్ చేరారు. ఇలా విడివిడిగా పనిచేస్తున్న నర్సులను కలిపే జాతీయ సంఘం అమెరికాలో 1942లో ఏర్పడింది. నేడది అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఆక్యుపేషనల్ హెల్త్ నర్సెస్. వృత్తి ప్రమాణాలు, నీతి నియమావళి, పత్రిక, వార్షిక సదస్సు దీని ముఖ్యమైన సేవలు. అర్హత పరీక్షలను 1972లో ఏర్పడిన ప్రత్యేక బోర్డు నిర్వహిస్తుంది. అమెరికాలోని తెలుగు నర్సులు రిజిస్టర్డ్ నర్సు (ఆర్‌ఎన్) లైసెన్సు, ఈ రంగంలో తగిన అనుభవం ఉంటే ఆ పరీక్ష రాయవచ్చు.

మన దేశంలో 1908 నుంచి ఉన్న ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా నర్సులందరిదీ. 1948లో మొదలైన ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ ఆక్యుపేషనల్ హెల్త్ ప్రధానంగా డాక్టర్లది. ఫ్యాక్టరీ సిస్టర్ అవసరాలు ఈ రెండింటి నడుమ ఉండిపోతున్నాయి. బీఎస్సీ నర్సింగ్‌లోనూ ఈ విషయం సమాజ ఆరోగ్య నర్సింగ్‌లో ఒక భాగమే. అందుకే ఈసీఐఎల్, చర్లపల్లి పరిసరాల్లోని సిస్టర్లు రెండు సంఘాలనూ ఆశ్రయించడం మేలు. మొదటిది ఉద్యోగ హక్కులకు, రెండోది పారిశ్రామిక వ్యాధుల పరిజ్ఞానానికి ఉపకరిస్తుంది. 1906లో మిలాన్‌లో పుట్టిన అంతర్జాతీయ వృత్తి ఆరోగ్య కమిషన్‌లో నర్సింగ్‌కు ప్రత్యేక శాస్త్రీయ కమిటీ ఉంది. విదేశాల్లోని తెలుగు నర్సులకూ, ఇక్కడి సిస్టర్లకూ అది ఉమ్మడి వేదిక కాగలదు.