ఒక్క రేకు, పెక్కు రంగులు

న్యూయార్కు నగరమందలి మెట్రోపాలిటన్ మ్యూజియమున 2016 అక్టోబరు మొదలు 2017 మార్చి వఱకు అచ్చుచిత్రముల ప్రదర్శన మొకటి జరిగెను. అందు ముగ్గురి పేర్లు ముఖ్యములు. ఆంగ్లేయుడగు స్టాన్లీ విలియం హేటరు ఒకరు. మన చిత్తూరు జిల్లా నందనూరున 1925లో జన్మించిన కృష్ణారెడ్డి మఱియొకరు. మూడవయామె అలీగఢ్‌వాసిని జరీనా హష్మీ. దూరదేశపు ప్రదర్శన ముగిసి యేండ్లు గడచినను దానినిగూర్చి మా సోదరీమణులకు వ్రాయుటకు కారణము గలదు. పారిసు, న్యూయార్కు నగరముల కళాశాలలలో గౌరవముతో పలుకబడిన యీ తెలుగువాని పేరు తెలుగిండ్లలో వినబడుట మిక్కిలి యరుదు.

ఈ మువ్వురిని గలిపినది పారిసునందలి యొక కార్యశాల. రసాయనశాస్త్రము చదివి, పారశీకమున చమురు సంఘపు కొలువుచేసి, ఆ పని మానిన హేటరు 1927లో దీనిని స్థాపించెను. 1933లో ప్రవేశించిన యింటి సంఖ్యనుబట్టి దీనికి ‘అటెలియే 17’ అను పేరు గలిగెను. యుద్ధకాలమున న్యూయార్కునకు తరలిన హేటరు 1950లో పారిసునకు మరలివచ్చెను. పికాసో, మీరో వంటి ప్రసిద్ధులును, నిన్న వచ్చిన విద్యార్థులును అచ్చటనే పనిచేసిరి.

కృష్ణారెడ్డి శాంతినికేతనమున నందలాల్ బోసుకడ చదివి, పిదప లండనున హెన్రీ మూరువద్ద శిల్పము నేర్చెను. అందుచేతనే కాబోలు, లోహపు రేకును కాగితమువలె గాక శిలవలె చూచెను. పూర్వము రంగునకొక రేకు వంతున చెక్కి, ఒకే కాగితమును మరల మరల అచ్చొత్తుచుండిరి. ఈతడును, బొంబాయివాడగు కైకో మోతీయు, తోడివారును రేకొక్కటి చాలునని నిరూపించిరి. అదెట్లందురా? రేకును పలులోతులుగా చెక్కుదురు. ఒక రంగున అవిసెనూనె హెచ్చుగను, వేఱొకదానిలో తక్కువగను కలుపుదురు. గట్టి రోలరు మిట్టలనే తాకును. మెత్తనిది పల్లములకును దిగును. నూనె రాచుకొన్న చేతికి పనసపాలు అంటనట్లే, నూనె హెచ్చైన రంగుపై చిక్కని రంగు అంటదు. రంగులన్నియు వానివాని చోట నిలువగా, ఒక్కసారి యంత్రమున నొత్తిన చాలును. అచ్చు అనగానే తేలికపని యని తలపరాదు. ప్రతి బొమ్మకును రంగులన్నియు మరల చేతితో పూయవలసినదే. ఆయన 1963 నాటి ‘సుడిగుండము’ నీ పద్ధతికి మేలైన నిదర్శనము. తన బిడ్డ ప్రాకులాడుటను గూడ నీ రేకులపై చెక్కుకొనెను! 1972లో భారత ప్రభుత్వము పద్మశ్రీ నొసగెను. 2018లో న్యూయార్కున మరణించెను.

జరీనా మార్గము వేఱు. ఆమె గణితమున పట్టభద్రురాలు. భర్త విదేశోద్యోగమువలన దేశదేశములు తిరుగుచు, 1960 తరువాత నీ కార్యశాల చేరెను. దేశవిభజన జరిగిన పండ్రెండేండ్లకు, 1959లో, పుట్టినింటివారు కరాచీకి తరలిపోయిరి. ఆమెకిక అలీగఢ్‌లో ఇల్లు లేకపోయెను. 1999లో ముప్పదియాఱు ఉర్దూ మాటలను దీసికొని, మాటకొక కొయ్యచ్చు చొప్పున చెక్కెను: ఇల్లు, గడప, తలుపు, ముంగిలి. బొమ్మలందు మనుష్యులు లేరు. కొన్ని నల్లని గీతలు మాత్రమే. చిత్రవిమర్శకులు వీనిని గణితముతో పోల్చవచ్చును గాని, పుట్టింటి వాకిటిని కన్నులు మూసికొని లెక్కపెట్టగల మన స్త్రీలకే యివి ముందుగా తెలియునని మా యభిప్రాయము.

2001లో ఆమె చెక్కిన మఱియొక చిత్రమున భారత పాకిస్తానముల నడిమి సరిహద్దు గలదు. ఊరు పేరు లేదు, నది లేదు. కాగితముపై వంకరలు తిరుగుచు దిగు నల్లని గీత యొక్కటే.