429 కోట్ల సంఖ్య గుట్టు ఎలా బయటపడింది?

32 రెళ్లను వరసగా గుణించి, ఒకటి కలిపితే 429,49,67,297 వస్తుంది. ఇది ప్రధాన సంఖ్య అనీ, అంటే 1తోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ దీన్ని నిశ్శేషంగా భాగించలేమనీ ఫ్రాన్స్ గణితవేత్త ఫెర్మా నమ్మాడు. ఎందుకు? ఒక్క రెండుతో మొదలుపెట్టి, రెళ్ల సంఖ్యను ప్రతిసారీ రెట్టింపు చేస్తూ ఇలాగే ఒకటి కలుపుతూ పోతే, దీనికి ముందు వచ్చే 3, 5, 17, 257, 65,537 అన్నీ ప్రధాన సంఖ్యలే మరి!

ఆ నమ్మకం తప్పని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు. ఎలా? ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని 64తో భాగించినప్పుడు 1 మిగలాల్సిందే. అలాంటివి వరసగా 193, 257, 449, 577, 641. మొదటి నాలుగూ పనికిరావు. ఐదోది దొరికిపోయింది!

641 × 67,00,417 = 429,49,67,297.

కావాలంటే కాగితం మీద గుణించి చూడండి. అయిదు ఉదాహరణలు కుదిరినంత మాత్రాన అది రుజువైపోదు!