యోగశాల గడప యొద్ద

హైదరాబాదులో యోగము నేర్వదలచిన క్రొత్త విద్యార్థికి మొదట నెదురగు చిక్కు, ఎటు చూచినను యోగశాలయే కనబడుట. మాదాపూరు, కొండాపూరు వీధులలో అద్దాల గోడలును ఏసీ గదులును గల స్టూడియోలు, అపార్టుమెంటుల క్లబ్ హౌసులలో తెల్లవారుజాము తరగతులు, పాత పేటలలో డాబాపై చాపలు పరచి పదిమందికి నేర్పు వృద్ధ గురువులు, పార్కులలో రుసుము లేకయే నడచు బృందములు, ఇన్ని కలవు. 2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగదినముగా ప్రకటించిన పిమ్మట ఈ ఆదరణ మరింత హెచ్చినది. 2025లో విశాఖ సాగరతీరమున లక్షలాది జనులు ఒక్కమారుగా ఆసనములు వేసిన దృశ్యము మన కన్నుల నింకను నిలిచియేయున్నది.

బోర్డులపై గల అయ్యంగార్ యోగ, అష్టాంగ విన్యాస, పవర్ యోగ, హాట్ యోగ అను పేర్లు క్రొత్తవానిని బెదరించును. అయితే వీనిలో ప్రధానమైన రెండు శాఖలును ఒక్క గురువునొద్ద నుండియే వచ్చినవి. నాల్వడి కృష్ణరాజ ఒడెయరు ప్రభువుగా నున్న మైసూరులో, 1933 మొదలుకొని జగన్మోహన ప్రాసాదమునందు తిరుమలై కృష్ణమాచార్యులవారు యోగశాల నడపిరి. అచటి శిష్యులలో పెక్కురు బాలురు, యువకులు. ఉచ్ఛ్వాస నిశ్వాసములతో లయ తప్పక, ఒక ఆసనము నుండి వేరొక ఆసనమునకు లంఘించుచు సాగు కఠినసాధన వారి వయసునకు తగినది. దానినే ఆ శిష్యులలో నొకడైన పట్టాభి జోయిస్ అష్టాంగ విన్యాసముగా మైసూరునందే నిలిపి ప్రపంచమున కందించెను. ఆచార్యులవారి బావమరిదియైన బి.కె.యస్. అయ్యంగారో, బాల్యమున మలేరియా, టైఫాయిడ్, క్షయ వ్యాధులచే కృశించిన దేహముతో ఆ విద్యను సాధించినవాడు. కనుకనే పూనాలో ఆయన పెంపొందించిన పద్ధతిలో వంగని నడుమునకు తాడు, నేల నందని చేతికి చెక్కదిమ్మె, నిలువలేని కాలికి కుర్చీ ఆసరాగా నిలిచినవి. కృష్ణమాచార్యులవారు సయితము తరువాత మద్రాసులో ఒక్కొక్కరికి విడివిడిగా, వారి వయసును రోగమును చూచి నేర్పిరి. కుమారుడు దేశికాచారి ఆ మార్గమునే కొనసాగించెను.

ఈ చరిత్ర నింతగా చెప్పుటకు కారణము కలదు. ఏ యోగశాల గొప్పదని విచారించుటకు ముందు, అచటి పద్ధతి ఎట్టి దేహమునకై పుట్టినది, నా దేహ మెట్టిదని విచారించుట మేలు. పదునైదేండ్లుగా కంప్యూటరు ముందు కూర్చుండి నడుము బిగిసిన నలువదియైదేండ్ల గృహస్థు, మైసూరు బాలురకై కూర్చిన వరుసతో ప్రారంభించిన యెడల మోకాలికో భుజమునకో హాని తెచ్చుకొనును. అట్టివారికి అయ్యంగారు పద్ధతి మొదటి ఏడాదికి తగినదని నా యభిప్రాయము. వేడిచేసిన గదిలో నేర్పు యోగమును మాత్రము క్రొత్తవారికి నేను చెప్పజాలను. ఆ వేడిమికి కండరములు సులభముగా సాగుటచే, సాగదగిన మేర దాటిన సంగతి అప్పటికి తెలియదు.

డబ్బు కట్టకమునుపు ఒక తరగతి ఆసాంతము కూర్చుండి చూచుట కనుమతి కోరవలెను; ఈయనిచో వెనుదిరుగుటయే మంచిది. చూచునప్పుడు ముందు వరుసలోని నేర్పరులను విడిచి, వెనుక మూలనున్న స్థూలకాయునో, అరువదేండ్ల అమ్మనో గమనింపుడు. గురువు వారి యొద్దకు పోవుచున్నాడా? తాకుటకు ముందు అడుగుచున్నాడా? గంటసేపును వేదికపై తానే ఆసనములు వేయుచుండువాడు తన సాధన తాను చేసికొనుచున్నాడు. పతంజలి ఆసనమునకు స్థిరత్వమును సుఖమును లక్షణములుగా చెప్పెను. విద్యార్థుల ముఖములలో ఆ రెండును కలవో, పండ్లు బిగించుటయే కలదో చూచినంతనే తెలియును. చివర శవాసనమునకు ఐదు నిమిషములైనను మిగుల్చవలెను.

ఒకప్పుడు ఒక యోగశాలలో, పశ్చిమోత్తానాసనమున నేను వంగియుండగా, గురువు వెనుకనుండి వీపుపై తన బరువంతయు మోపెను. తొడ వెనుక కలిగిన నొప్పి మూడు వారములు నన్ను మెట్లెక్కనీయలేదు. నేను చేరిన దినమున అతడు నన్నొక్క ప్రశ్నయు అడిగియుండలేదని అప్పుడు స్ఫురించినది. రక్తపోటు, నీటికాసులు, డిస్కు జారుట, గర్భము, శస్త్రచికిత్స, వీనిని గురించి అడుగక చేర్చుకొను చోట చేరవలదు. శీర్షాసనమున కంటిలోని ఒత్తిడి హెచ్చును గనుక నీటికాసులు గలవారికది నిషిద్ధము. వేగముగా చేయు కపాలభాతి గర్భిణులకును, అధిక రక్తపోటు గలవారికిని, హెర్నియా గలవారికిని తగదు. ఈ మాట తెలియని గురువు గోడపై నెన్ని సర్టిఫికెట్లున్నను ప్రయోజనము లేదు. స్టూడియోలు ప్రకటించు రెండువందల గంటల శిక్షణ యనగా తరచుగా ఒక నెల ఆశ్రమవాసము; మీ గురువెవరు, ఇప్పటికిని వారియొద్ద నేర్చుచున్నారా అని అడిగిన తెలియు సంగతి ఆ కాగితమున నుండదు.

తక్కినవి స్వల్పములు. కూకట్‌పల్లినుండి గచ్చిబౌలి ట్రాఫిక్కులో పడి పోవలసిన యుత్తమ యోగశాలకంటె, ఇంటినుండి నడచిపోదగిన మధ్యమమైనదే నిలుచును. ఉదయపు తరగతి పరగడుపున. సాయంకాలమైనచో భోజనమైన మూడు నాలుగు గంటలకు. ఏడాది రుసుము ఒక్కసారి కట్టినచో ఎంత తగ్గించినను, మొదట ఒక నెలకే కట్టుడు. ఆ నెలలో ఉదయమున మంచము దిగునప్పుడు దేహమేమి చెప్పునో వినుడు: కండరముల సలుపు రెండు మూడు దినములలో పోవును, కీలులోని పోటు పోదు. ఆ పోటు సంగతి గురువుతో చెప్పి, ఆయన ఓర్చుకొమ్మనునో, ఆసనమును మార్చునో చూచి, పిమ్మట రెండవ నెల రుసుము కట్టుడు.